సీసా చిన్నదైనా ఫర్వాలేదు, అప్పు చేసి కొనొద్దు

ప్రశ్న: ఆరు నెలలుగా ఇంటి నుంచే హెయిర్ స్టైలింగ్ చేస్తున్నాను. కొత్త స్ట్రెయిట్‌నర్, ఏడాదికి సరిపడా హీట్ ప్రొటెక్టెంట్ (వేడికి జుట్టు పాడవకుండా ముందు రాసే స్ప్రే లేదా క్రీమ్) కలిపి క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐకి తీసుకుందామనుకుంటున్నాను. పెద్ద ప్యాక్ అయితే విడిగా కొనేదానికన్నా 20 శాతం తక్కువకే వస్తోంది. కార్డులో పాత బాకీ కొంత ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ కడుతున్నాను. చేతిలో ఒక నెల ఖర్చులకు సరిపోయే డబ్బుంది. స్ప్రే తీసుకోవాలా, క్రీమా?
- ఒక పాఠకురాలు

జవాబు: స్ప్రేనా క్రీమా అన్నది తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ‘మినిమమ్ డ్యూ’ అన్న మాట. సొంతంగా పని మొదలుపెట్టినవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే దెబ్బ తింటున్నారు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

మినిమమ్ డ్యూ అంటే బిల్లులో తప్పనిసరిగా కట్టాల్సిన చిన్న భాగమే, మిగతా బాకీ మీద వడ్డీ పడుతూనే ఉంటుంది. నెలకు 3 శాతం వడ్డీ అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. వడ్డీ మీద వడ్డీ కలిపి చూస్తే ఏడాది తిరిగేసరికి 42 శాతం దాటుతుంది. అలాంటి బాకీని అలాగే ఉంచి 20 శాతం తగ్గింపు కోసం మరో అప్పు చేయడం ఏం లెక్క? ఈఎంఐకి కడదామనుకున్న డబ్బు ముందు ఆ బాకీకి కట్టండి. ఇక నిమిషాల్లో అప్పిచ్చే లోన్ యాప్‌ల జోలికి దయచేసి వెళ్లొద్దు.

పెద్ద ప్యాక్‌లో నిజంగా అంత మిగులుతుందా అన్నది కూడా అనుమానమే. నా దగ్గర సలహా తీసుకునే ఒక స్టైలిస్టు తన అల్మరా తెరిచి చూపించారు. సగం వాడి వదిలేసిన సీసాలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో నూనె పైకి తేలి విడిపోయింది, ఇంకోదాని నాజిల్ గడ్డకట్టి నొక్కినా రావడం లేదు. సీసా వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని దానర్థం.

ఎంపిక కష్టమేమీ కాదు. సన్నటి జుట్టుకు తేలికపాటి స్ప్రే, మందంగా, పొడిగా ఉండే జుట్టుకు క్రీమ్ లేదా సీరమ్. లేబుల్ మీద డైమెథికోన్ లాంటి సిలికోన్లు ఉన్నాయేమో చూడండి. అవి వెంట్రుక మీద పలచటి పొర కట్టి, వేడి లోపలికి నెమ్మదిగా చేరేలా చేస్తాయి. ఎంత ఖరీదైన సీసా అయినా వేడిని పూర్తిగా ఆపలేదు. ఐరన్‌ను, అంటే స్ట్రెయిట్‌నర్‌ను, సన్నటి జుట్టుకు 150 డిగ్రీల దగ్గర, మామూలు జుట్టుకు 180 దాటకుండా ఉంచండి. తడి జుట్టు మీద పెడితే చుయ్యిమంటుంది. అప్పుడు లోపలి నీరు ఆవిరై, వెంట్రుకలోనే బుడగలు పుడతాయి. తడి పూర్తిగా ఆరేదాకా ఆగడానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీకు జీతం లేదు, రెండు చేతులే ఆదాయం. రోజంతా ఐరన్ పట్టుకునే మణికట్టు బెణికి మూడు వారాలు పని ఆగితే? ఎవరి జుట్టయినా కాలి, డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తే? బుకింగ్ ఉన్న రోజే మెషీన్ పాడైతే? వీటిలో ఏది జరిగినా ఇప్పుడు మీకున్న దారి మళ్లీ ఆ కార్డే. నెల జీతం వచ్చేవాళ్లకే మూడు నెలల ఖర్చులు పక్కన ఉండాలంటాను. మీకు ఆరు నెలలవి కావాలి. ఇంటి ఖర్చులతో పాటు పని సామాను ఖర్చు కూడా అందులో కలపండి. ఒకేసారి అంత పోగవదు, నాకు తెలుసు. ప్రతి క్లయింటు ఇచ్చినదాంట్లో 20 శాతం అదే రోజు వేరే ఖాతాలోకి పంపండి. ముందు రెండు నెలల ఖర్చులు పోగయ్యేదాకా అలాగే చేయండి. తర్వాత కార్డులో ఇంకా మిగిలిన బాకీ మొత్తం తీర్చేసి, మళ్లీ దాచడం మొదలుపెట్టండి.

లిక్విడ్ ఫండ్ (అవసరమైనప్పుడు త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) గురించి అప్పుడు ఆలోచిద్దాం. ఆరోగ్య బీమా లేకపోతే మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

పాత స్ట్రెయిట్‌నర్ పనిచేస్తుంటే కొత్తది ఆపండి. ప్రొటెక్టెంట్ ఒక్క చిన్న సీసా నగదుతో కొని, తెరిచిన తేదీ దాని మీద రాయండి. అది ఎంతమందికి వచ్చిందో లెక్కపెడితే, ఒక్కొక్కరి చార్జీలో దానికి ఎంత కలపాలో తెలుస్తుంది. ఇప్పటిదాకా మీరు ఆ ఖర్చు కలపడం లేదేమో కూడా చూసుకోండి.