టెక్ సందేహాలు: రిపోర్టు పచ్చగా ఉంది, బిల్లు తేదీ మాత్రం నిన్నటిది

అనంతపురంలో మాకు చీనీకాయల మండీ ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పదేళ్ల కిందటిది, మైక్రోసాఫ్ట్ వారి ఉచిత డేటాబేస్ ప్రోగ్రామ్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తోంది. బిల్లులకు ఒక డేటాబేస్, రైతుల ఖాతాలకు ఇంకొకటి. ఆఫీసు కంప్యూటర్ తరచూ మొరాయిస్తోందని మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్‌కు మారాలనుకున్నాం. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏదో టూల్ నడిపి, రిపోర్టులో అంతా పచ్చగా ఉంది, వచ్చే ఆదివారం మార్చేద్దాం అంటున్నారు. సరేననవచ్చా?

వచ్చే ఆదివారం వద్దని చెప్పండి. మారాలన్న ఆలోచన సరైనదే. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 జులై 9తో ముగిసిపోయింది. మీ 2014 ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదన్న షరతు ఎలాగూ ఉంది. నా అభ్యంతరమల్లా ఆ పచ్చరంగును నమ్మి ముహూర్తం పెట్టుకోవడం మీదే.

అలాంటి టూల్ డేటాబేస్ లోపల రాసిపెట్టి ఉన్నవాటినే చూస్తుంది. టేబుళ్లు, వ్యూలు (టేబుళ్ల నుంచి తయారయ్యే జాబితాలు), స్టోర్డ్ ప్రొసీజర్లలో (డేటాబేస్‌లోనే దాచిన చిన్న ప్రోగ్రాముల్లో) క్లౌడ్‌లో చెల్లనిది ఏదైనా ఉంటే ఎత్తిచూపుతుంది. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తన కోడ్‌లోంచి అప్పటికప్పుడు పంపే క్వెరీలు (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలు), ట్రేస్ ఫైలు (అలా వెళ్లిన క్వెరీల చిట్టా) విడిగా ఇస్తే తప్ప, దాని కంటపడవు. పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో అసలు తతంగమంతా నడిచేది అక్కడే. ఇంతకీ ఏ టూల్ నడిపారో కనుక్కోండి. యూట్యూబ్ పాఠాల్లో ఇప్పటికీ కనిపించే డేటా మైగ్రేషన్ అసిస్టెంట్ అనే టూల్‌ను మైక్రోసాఫ్ట్ 2025లోనే పక్కన పెట్టేసింది.

మీకు రెండు డేటాబేస్‌లు ఉన్నాయన్నారు. బిల్లు కొట్టగానే రైతు ఖాతాలో బాకీ మారుతోందంటే, ఏదో ఒక క్వెరీ రెండింటినీ తాకుతోందన్నమాట. ఒకే కంప్యూటర్ మీద ఉన్నంతకాలం ఇది మామూలే. అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ అనే సేవలో మాత్రం పక్క డేటాబేస్‌ను పేరు పెట్టి నేరుగా పిలవడం కుదరదు. రెండింటినీ కలిపి ఒకటి చేయించాలి, లేదంటే అజూర్‌లోనే మేనేజ్డ్ ఇన్‌స్టెన్స్ అనే ఇంకో సేవకు వెళ్లాలి. దానికి ఖర్చు ఎక్కువ, ఒక మండీకి అంత అవసరం లేదు. కలిపేయమనే నా సలహా.

అంతకంటే నన్ను భయపెట్టేది గడియారం. అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో నడుస్తుంది, దాన్ని మార్చే వీలు లేదు. మీ సాఫ్ట్‌వేర్ తేదీ కోసం గెట్‌డేట్ ఫంక్షన్‌ను అడిగితే, మన సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనకబడిన సమాధానం వస్తుంది. ఢిల్లీ లారీకి తెల్లవారుజామున 3.40కి లోడు ఎత్తించి బిల్లు కొట్టారనుకోండి, దాని మీద ముందురోజు తేదీ, రాత్రి 10.10 అని పడుతుంది. పగటి బిల్లుల్లో గంటలు తేడా వచ్చినా తేదీ సరిగ్గానే ఉంటుంది కాబట్టి, ఆదివారం మధ్యాహ్నం కూర్చుని పరీక్షించేవారికి అనుమానమే రాదు. ఒకటో తేదీ వేకువన కొట్టిన బిల్లు పోయిన నెల లెక్కలోకి జారిపోయాక ఆడిటర్ గారు ఫోన్ చేస్తారు. అప్పటికి ఒకే కాలమ్‌లో పాత బిల్లులు మన సమయంలో, కొత్తవి యూటీసీలో కలగాపులగంగా ఉంటాయి. వాటిని విడదీసే పని పగవాడికి కూడా వద్దు.

దీనికి మందు ఉంది. తేదీ తీసుకునే ప్రతిచోటా ఏట్ టైమ్ జోన్ అన్న ఆదేశంతో భారత సమయంలోకి మార్చుకోవచ్చు. మేనేజ్డ్ ఇన్‌స్టెన్స్‌లోనూ, అమెజాన్ వారి క్లౌడ్ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ టైమ్ జోన్‌ను ఎంచుకోవచ్చు కానీ, కొత్తగా పెట్టేటప్పుడే ఎంచుకోవాలి. తరువాత మార్చనివ్వరు. టేబుళ్లలో తేదీ కాలమ్‌కు డిఫాల్ట్‌గా (ఏమీ ఇవ్వకపోతే దానంతటదే పడే విలువగా) గెట్‌డేట్ పెట్టి ఉంటుంది, జనం తరచూ మరిచిపోయేది దాన్నే. ముందు అక్కడ వెతికించండి.

ఇక ఈ డేటాబేస్ మీద ఎవరెవరు ఆధారపడ్డారో తేల్చుకోవాలి. నా దృష్టిలో సంసిద్ధత పరీక్ష అంటే సగం ఇదే. డీఎం ఎగ్జెక్ సెషన్స్ అనే సిస్టమ్ వ్యూ తెరిస్తే ఆ క్షణాన ఏ కంప్యూటర్ నుంచి, ఏ ప్రోగ్రామ్, ఏ లాగిన్‌తో లోపల ఉందో కనిపిస్తుంది. కొద్ది నిమిషాలకోసారి దాన్ని ఒక టేబుల్‌లోకి రాసుకునేలా పెట్టి, ఒక నెల అలా వదిలేయండి. నెలాఖరు తప్పకుండా అందులో ఉండాలి. బిల్లింగ్ కౌంటర్లు కనిపించడంలో వింతేమీ లేదు. కాటా దగ్గరి పాత కంప్యూటరో, నెలకొక్కసారి లెక్కలు లాగే ఎక్సెల్ ఫైలో, ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిన ఎస్ఎంఎస్ ప్రోగ్రామో బయటపడితే అదే మీ అసలు రిపోర్టు. వాటిలో చాలావరకు ఎస్ఏ అనే సర్వాధికారాల లాగిన్‌తోనే లోపలికి వస్తుంటాయని పందెం కాస్తాను. ఆ లాగిన్ అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉండదు.

వేగం సంగతి లెక్క కట్టి చూడండి. ఒక రైతు ఖాతా తెరవడానికి సాఫ్ట్‌వేర్ ఒకదాని తరువాత ఒకటిగా 300 క్వెరీలు పంపుతోందనుకుందాం. ఆఫీసు నెట్‌వర్క్‌లో అది తెలియను కూడా తెలియదు. డేటా సెంటర్‌కు వెళ్లి రావడానికి 30 మిల్లీసెకన్లు పడితే ఆ ఒక్క తెరకు 9 సెకన్లు. రైతు ఎదురుగా నిలబడి ఉండగా 9 సెకన్లు చాలా పెద్ద సమయం. పెద్ద సర్వర్ కొన్నా ఇది తగ్గదు, క్వెరీల సంఖ్య తగ్గించాలి, లేదా సాఫ్ట్‌వేర్‌ను కూడా క్లౌడ్‌లోనే పెట్టాలి. అజూర్‌కు మన దగ్గర చెన్నై, పుణె, ముంబయిలలో కేంద్రాలున్నాయి. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లో కూడా తెరిచింది. ఎంచుకునే ముందు మీ ఆఫీసు లైను నుంచే కొలిపించండి, సాఫ్ట్‌వేర్ వారి ఆఫీసు నుంచి కాదు.

చివరగా బ్యాకప్. విండోస్ టాస్క్ షెడ్యూలర్ ప్రతి రాత్రీ డీ డ్రైవ్‌లో ఒక బ్యాక్ ఫైలు (.bak అనే బ్యాకప్ కాపీ) పడేస్తోంది కదా అని ధీమాగా ఉండకండి. నిన్నటి ఫైలును వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, డీబీసీసీ చెక్‌డీబీ అనే తనిఖీ ఆదేశం నడిపి చూడండి. లోపల పేజీలు పాడై ఉంటే ఇప్పుడే తెలియాలి. ఆ కాపీనే ముందు క్లౌడ్‌కు ఎక్కించి రిహార్సల్ చేయించండి. టేబుల్‌కు ఎన్ని వరుసలున్నాయో సరిచూస్తే చాలదు, రైతుల మొత్తం బాకీ రెండుచోట్లా పైసాతో సహా కలవాలి. తిరిగొచ్చే దారి కూడా ముందే అడగండి. అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి బ్యాక్ ఫైలు తీసుకోలేరు. నాలుగు రోజులు అక్కడ బిల్లులు కొట్టాక వెనక్కి రావాలంటే ఆ నాలుగు రోజుల బిల్లులు ఎలా తెస్తారో సాఫ్ట్‌వేర్ వారి చేత కాగితం మీద రాయించుకోండి. రాయలేకపోతే వారింకా సిద్ధంగా లేనట్టే. డేటాబేస్ ఎంత సిద్ధంగా ఉంటే మాత్రం ఏం లాభం?

కడపలో మా పాఠశాల ఫీజుల సాఫ్ట్‌వేర్ విండోస్ కంప్యూటర్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7 డేటాబేస్‌తో నడుస్తోంది. క్లౌడ్‌లో 8 వెర్షన్‌కు ఎక్కించి చూస్తే టేబుల్ లేదంటోంది. వెళ్లి చూస్తే టేబుల్ అక్కడే ఉంది!

ఉంటుంది, పేరులో ఇంగ్లిష్ పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా అన్నదే తేడా. విండోస్ మీద మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి దాచుకుంటుంది. కోడ్‌లో పెద్ద అక్షరంతో పిలిచినా సర్దుకుపోతుంది. క్లౌడ్‌లో సాధారణంగా లినక్స్ ఉంటుంది, అక్కడ పెద్ద ఎస్ వేరు, చిన్న ఎస్ వేరు. లోయర్ కేస్ టేబుల్ నేమ్స్ అనే సెట్టింగ్‌ను 1గా పెడితే సరిపోతుంది. కానీ 8వ వెర్షన్‌లో దాన్ని సర్వర్ మొదటిసారి తయారయ్యేటప్పుడే పెట్టాలి. కాబట్టి ప్రయోగానికి పెట్టిన సర్వర్‌ను తీసేసి, కొత్తది పెట్టుకోండి.

పనిలో పనిగా టేబుళ్లు ఇంకా మైఐశామ్ అనే పాత నిల్వ పద్ధతిలో ఉన్నాయేమో చూసి, ఉంటే ఇన్నోడీబీ అనే పద్ధతిలోకి మార్చండి. ఆర్‌డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌లను ఇన్నోడీబీ టేబుళ్లకే నమ్ముకోవచ్చు. పాత సర్వర్ మీద మైఎస్‌క్యూఎల్ షెల్‌లోని అప్‌గ్రేడ్ చెకర్‌ను కూడా నడపండి, ఉచితమే. 5.7కు మద్దతు 2023 అక్టోబరులోనే ముగిసింది కనుక అక్కడే ఉండిపోతామంటే నేను ఒప్పుకోను.

కర్నూలులో పెళ్లి సంబంధాల కేంద్రం నడుపుతున్నాం. వివరాలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలులో తెలుగులో ఉన్నాయి. క్లౌడ్‌లోని ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు ఎక్కిస్తే కొన్ని పేర్లు ప్రశ్నార్థకాలుగా, కొన్ని పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా వస్తున్నాయి. గోత్రాలు కూడా అంతే.

రెండూ వేర్వేరు జబ్బులు. ప్రశ్నార్థకాలు వచ్చినవి యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగులానే ఉండే పద్ధతిలో) టైపు చేసిన కొత్త పేర్లు. వాటిని ఏ భాషనైనా దాచగల ఎన్‌వార్‌చార్ బదులు, సాధారణంగా తెలుగు పట్టని వార్‌చార్ రకం కాలమ్‌లోకి పంపారు, అందుకే తెలుగంతా ఎగిరిపోయింది. క్లౌడ్‌లోని ఆ కాపీ నుంచి వాటిని ఎవరూ తిరిగి రాబట్టలేరు. యాక్సెస్ ఫైలు భద్రంగా ఉంది కాబట్టి బతికిపోయారు. కాలమ్ రకం మార్చి మళ్లీ ఎక్కించండి, కోడ్‌లో తెలుగు పదాల ముందు ఎన్ అక్షరం ఉందో లేదో చూడండి.

పిచ్చి అక్షరాలుగా కనిపించేవి పాతవి, బహుశా అను అనే పాతరకం తెలుగు ఫాంట్లలో కొట్టినవి. వాటికేమీ కాలేదు. ఆ ఫాంట్ లేనిచోట తెలుగులా కనిపించవు, అంతే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, అయితే మీది అను ఏ వెర్షనో తెలుసుకుని దానికి తగ్గది వాడండి. క్లౌడ్‌కు ఎక్కించాక కాదు, ముందే, యాక్సెస్ ఫైలు కాపీ మీద మార్చండి. మార్చాక శ్రీలక్ష్మి, సూర్యప్రకాశ్, కృష్ణవేణి వంటి ఒత్తులూ వట్రసుడులూ ఉన్న పేర్లు వెతికి చూడండి. కన్వర్టర్ తడబడితే ముందుగా తడబడేది అక్కడే.