18 నెలల వాయిదా, 18 రోజుల నిల్వ

ప్రశ్న: బెంగళూరు హూడిలో ఈమధ్యే ఫ్లాటు కొన్నాం. నా వయసు 36, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు 1,12,000 రూపాయలు చేతికి వస్తుంది. ఇంటి అప్పు వాయిదా 47,000, కారు వాయిదా 12,500 (ఇంకా 14 ఉన్నాయి), పాప బడితో కలిపి ఇంటి ఖర్చు 35,000, మదనపల్లెలో ఉన్న అమ్మానాన్నలకు 8,000, ఎస్‌ఐపీ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) 5,000. వంటింటి మాడ్యులర్ పనికి డబ్బు ఇచ్చేశాక బ్యాంకులో 62,000 మిగిలింది. గోడలో అమర్చే ఓవెన్ కావాలని నా భార్య కోరిక. కేకులు బాగా చేస్తుంది, తెలిసినవాళ్లకు నెలకు మూడు నాలుగు అమ్ముతుంది కూడా. ఇప్పుడే గూడు కట్టించకపోతే తరువాత పగలగొట్టాలని మాడ్యులర్ వాళ్లు అంటున్నారు. షోరూములో 78,000 రూపాయల మోడల్‌ను 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదనే వాయిదాలు) మీద ఇస్తారట. కాదంటే బ్యాంకు యాప్‌లో 16 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం 1,50,000 సిద్ధంగా ఉంది. దానితో హాబ్ (గట్టులో అమర్చే స్టవ్), చిమ్నీ కూడా వచ్చేస్తాయి. ఏది మేలు? కరెంటు బిల్లు బాగా పెరుగుతుందా? తనంతట తాను శుభ్రం చేసుకునే మోడల్ 1,04,000 అంటున్నారు, తీసుకోవచ్చా? ఏప్రిల్‌లో 1,30,000 బోనస్ వస్తుంది.

జవాబు: రెండు అప్పుల్లో ఏది మేలని అడిగారు. రెండూ వద్దు.

మీ లెక్క నాకు అర్థమైంది. జీతంలో అన్నీ పోగా 4,500 మిగులుతోంది. ఓవెన్ వాయిదా 4,333. ఇంకా 167 రూపాయలు చేతిలో ఉంటాయి కాబట్టి కొనేయవచ్చు అనిపించింది. మీ ఉత్తరాన్ని జవాబుకు ఎంచుకున్నది ఈ లెక్క కోసమే. ఫోను, సోఫా, టీవీ ఏదైనా ఇప్పుడు చాలామంది ఇలాగే కొంటున్నారు. వస్తువు ధర పక్కన పెట్టి, నెలాఖరున మిగిలేదానిలో వాయిదా పడుతుందా లేదా అన్నదే చూస్తున్నారు. మిగిలిందనుకున్నది నిజంగా మిగిలిందో లేదో ఎవరూ చూడరు. మీరు రాసిన జాబితాలో ఆస్తి పన్ను లేదు, కారు బీమా లేదు, జూన్‌లో కట్టే బడి ఫీజు లేదు, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చే ఖర్చు లేదు. అవి వచ్చిన నెలల్లో ఆ 4,500 కనబడదు.

అసలు చూడవలసిన లెక్క వేరే ఉంది. ఎస్‌ఐపీని పక్కన పెడితే, జీతం వచ్చినా రాకపోయినా మీ ఇంటి నుంచి నెలనెలా బయటికి వెళ్లి తీరే డబ్బు 1,02,500. బ్యాంకులో ఉన్నది 62,000. అంటే జీతం ఆగిన రోజు నుంచి మీ కుటుంబం నడిచేది 18 రోజులు. 18 రోజుల నిల్వ ఉన్న మనిషి 18 నెలల కొత్త బాధ్యత తలకెత్తుకోబోతున్నాడు!

ఇలా రాస్తే భయపెడుతున్నానని కొందరు పాఠకులు కోప్పడతారు. కోప్పడనివ్వండి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఉద్యోగం పోవడమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అపార్ట్‌మెంటు లిఫ్టులో వినే కబురే. ఈ వృత్తిలో మళ్లీ పని దొరుకుతుంది, నిజమే. కానీ ఇంటర్వ్యూలు, వాటి తరువాత నిశ్శబ్దం, ఆఖరికి ఆఫర్ చేతికొచ్చి మొదటి జీతం పడేసరికి మూడు నాలుగు నెలలు సులువుగా గడిచిపోతాయి. ఇంటి అప్పు వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే బ్యాంకు పుస్తకాల్లో మీ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. 18వ రోజుకూ 90వ రోజుకూ మధ్య మీరు ఏం చేస్తారు? నగలు తాకట్టుకు వెళతాయి, లేదా మీ నాన్నగారికి ఫోను చేస్తారు. ఇంట్లో సంపాదన ఒక్కరిదే అయినప్పుడు నేను ఆరు నెలల ఖర్చుకు తక్కువ ఒప్పుకోను. మీ విషయంలో అది 6,15,000. ఇంత పెద్ద అంకె చూసి చేతులెత్తేయకండి, ముందు మూడు నెలలది కూడబెట్టండి.

ఇప్పుడు ఆ నో కాస్ట్ సంగతి. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది, దానికి సమానమైన మొత్తాన్ని అమ్మేవాళ్లు తగ్గింపుగా చూపిస్తారు. మీ 78,000లో, ఏడాదికి 15 శాతం అనుకుంటే, సుమారు 8,500 వడ్డీయే. దాని మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే 1,500 పైచిలుకు, మీరు కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు అదనం. నమ్మకం లేకపోతే, మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని అదే షోరూములో అడిగి చూడండి. వడ్డీ కన్నా నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇంకొకటి ఉంది. అది కార్డు మీద ఇచ్చే ఈఎంఐ అయితే, ఆ 78,000 మీ క్రెడిట్ కార్డు పరిమితిలోంచి పోతుంది, వాయిదాలు తీరేకొద్దీ మెల్లగా తిరిగి వస్తుంది. రాత్రి పూట ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నప్పుడు, నిల్వ లేని ఇంటికి ఆ కార్డే కదా దిక్కు! పోనీ ఒక నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయారనుకోండి. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులకు అంతకు పైనే పడుతుంది, ఏడాదికి 42 శాతం పైమాటే. ఆ పైన కార్డు మీద కొనే పాలకూ కూరగాయలకూ కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

వ్యక్తిగత రుణం గురించి ఇంత ఓపిగ్గా రాయలేను. 16 శాతానికి మూడేళ్లంటే నెలకు 5,270 దాటుతుంది. మిగిలేది 4,500. ఎక్కడి నుంచి తెచ్చి కడతారు? మూడేళ్లలో వడ్డీయే 40,000 దగ్గరకు వెళుతుంది, అంటే ఓవెన్ ధరలో సగం. యాప్‌లో పచ్చ బొత్తాం వెలుగుతోందంటే ఆ డబ్బు మీకు అవసరమని కాదు, మీకు అప్పిస్తే తమకు లాభమని బ్యాంకు లెక్కగట్టుకుందని. మీరు ఓవెన్ కోసం బయలుదేరి చిమ్నీ దాకా వెళ్లింది కూడా అప్పు చేతికి అందేంత దగ్గరలో ఉండబట్టే.

ఏం చేయాలంటే, ఎస్‌ఐపీ 5,000 ఆపండి. మార్కెట్ పెరుగుదల పోతుందని అంటారు. ఉద్యోగాలు ఊడే కాలంలోనే మార్కెట్ కూడా పడటం కొత్త కాదు, అప్పుడు నష్టానికి అమ్ముకోవడం అంతకన్నా చేటు. ఆ 5,000, మిగిలే 4,500 కలిపి నెలకు 9,500 పక్కన పెట్టండి. బోనస్ వస్తే దానికి వేరే కార్యక్రమం పెట్టుకోకుండా మొత్తం అక్కడే వేయండి. వస్తే అని ఎందుకంటున్నానంటే, బోనస్ కంపెనీ దయ, మీ జీతం కాదు. ఏడాదికి 62,000, 1,30,000, 1,14,000 కలిసి 3,06,000 అవుతుంది. మూడు నెలల ఖర్చుకు ఇంచుమించు సరి. 14 నెలలకు కారు అప్పు తీరితే నెల ఖర్చు 90,000కు దిగుతుంది, పొదుపు 22,000కు ఎక్కుతుంది. ఇంకో రెండు నెలల్లో నాలుగు నెలల నిధి దాటుతారు. ఆ తరువాత నాలుగు నెలలు కూడబెట్టింది పూర్తిగా ఓవెన్‌కు. మొత్తం 20 నెలలు. ఏటా వచ్చిపడే ఖర్చుల వల్ల మరో రెండు మూడు నెలలు ఆలస్యం కావచ్చు, ఈలోగా రెండో బోనస్ వస్తే ముందే కావచ్చు. వాయిదాల్లో కొన్నా 18 నెలలూ కడుతూనే ఉండాలి. తేడా ఏమిటంటే, ఈ దారిలో ఓవెన్ ఇంటికి వచ్చేనాటికి బాకీ ఉండదు, బ్యాంకులో మూడున్నర లక్షల పైన ఉంటుంది. ఆ తరువాత ఎస్‌ఐపీ మళ్లీ మొదలుపెట్టి, ఆరు నెలల నిధి పూర్తయ్యేదాకా రెండూ నడపండి.

నిధి ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ కాదు: సగం స్వీప్ ఇన్ ఖాతాలో (ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో ముడిపడిన పొదుపు ఖాతా), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్). ఖాతా మీ ఇద్దరి పేరా ఉండాలి.

మరి మాడ్యులర్ వాళ్ల తొందర మాటేమిటి? అందులో సగం నిజం. గూడు తరువాత చేయించడం ఇబ్బందే. అయితే గూడుకు ఓవెన్ ఇప్పుడే ఉండాలని ఎవరన్నారు? 60 సెంటీమీటర్ల వెడల్పు తరగతి ఓవెన్లకు ఏ కంపెనీదైనా గూడు కొలతలు దాదాపు ఒకటే. నిలువు బీరువాలో ఆ కొలతకు గూడు, వెనక గాలి ఆడే సందు చేయించండి. ఇవి రెండున్నర నుంచి మూడున్నర కిలోవాట్ల దాకా లాగుతాయి, కాబట్టి ఎలక్ట్రీషియన్ చేత మీటరు బోర్డు నుంచి విడి తీగ, విడి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చు), 16 ఆంపియర్ల పాయింటు వేయించండి. టైల్స్ అతికించక ముందే చేయిస్తే కొద్ది వేలలో తేలిపోతుంది. గూటికి తలుపు పెట్టి అప్పటిదాకా పప్పుల డబ్బాలు సర్దుకోండి. గోడ ఓవెన్ పేరు మీద ఇప్పుడు డబ్బు పెట్టదగింది ఈ గూడు, కరెంటు పాయింటు మాత్రమే.

ఈలోగా కేకులకు 35, 40 లీటర్ల ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవెన్) చాలు. పదివేల లోపు మంచివే వస్తాయి. కిలో, కిలోన్నర కేకు అందులో హాయిగా ఉడుకుతుంది. దాని థర్మోస్టాట్ మీద నమ్మకం లేకపోతే కొన్ని వందలు పెట్టి లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటరు కొనండి. ఓటీజీని మాత్రం ఆ గూట్లో దూర్చకండి. చుట్టూ గాలి తగలాలి, బల్ల మీదే ఉండాలి.

ఓవెన్ తన ఖర్చు తానే సంపాదించుకుంటుందని మీ ప్రశ్నలో ఎక్కడా నేరుగా లేదు గానీ, కేకుల అమ్మకం ఊరికే ప్రస్తావించలేదనుకుంటాను. నెలకు మూడు నాలుగు కేకులకు ఓటీజీ ఎక్కువే. వారానికి ఏడెనిమిది ఆర్డర్లు వచ్చి, రెండు ట్రేలు ఒకేసారి పెట్టలేక వెనక్కి పంపే రోజు వస్తే అప్పుడు లెక్క మారుతుంది. అప్పటికి కూడా కొనేముందు వారంటీ కాగితం చదవండి; ఇంట్లో వాడే ఓవెన్‌ను వ్యాపారానికి వాడితే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు రాస్తాయి. అమ్మకానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు కూడా ఉండాలి. అది ఇప్పుడే చేయించండి, ఖర్చు స్వల్పం.

బీమా మీద ఒక్క మాట. అమ్మానాన్నలకు ఉన్నది మీ కంపెనీ పాలసీ మాత్రమే అయితే, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. విడిగా తీసుకుంటే, ఇప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, అందుకే మరీ ఆలస్యం వద్దు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు కూడా. రెండో బోనస్‌లో మొదటి వాటా దీనికే. ఇంటి అప్పుకు తగ్గ టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే మాత్రం బోనస్ దాకా ఆగకుండా ఈ నెలలోనే తీసుకోండి.

కరెంటు బిల్లుకు భయపడనక్కర్లేదు. గంటసేపు కేకు కాల్చడానికి ఒకటి, ఒకటిన్నర యూనిట్లు. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద మీకు కరెంటు ఉచితంగా వస్తుంటే మాత్రం మీటరు మీద ఒక కన్నేయండి, ఏ నెలైనా 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. కరెంటు పోయినప్పుడు అపార్ట్‌మెంటు జనరేటరు ఫ్లాటుకు ఇచ్చే కాస్త లోడుతో ఈ ఓవెన్ నడవదు. పుట్టినరోజు కేకులు ఒప్పుకునేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

ఇక 1,04,000 మోడల్. అది లోపల దాదాపు 500 డిగ్రీల దాకా వేడెక్కి జిడ్డును బూడిద చేస్తుంది. వారం వారం మాంసం గ్రిల్ చేసే ఇంటికి ఆ సౌకర్యం పనికొస్తుంది. కేకుకు చిందే జిడ్డే ఉండదు. చల్లారాక తడిగుడ్డతో తుడిచేదానికి 26,000 ఎక్కువ పెట్టకండి, 20 నెలల తరువాతైనా సరే.