నగదు లెక్క కుదరనట్లు పదే పదే వచ్చే కల గురించి

నమస్కారమండీ. బ్యాంకులో క్యాషియరుగా చేరినప్పటి నుంచి సాయంత్రం నగదు లెక్క తేలనట్లు తరచూ కల వస్తోందని, అది కీడుకు సూచనేమోనని భయంగా ఉందని మీరు రాశారు. అది శకునం కాదు. పగలు మనసును పట్టి ఉంచినదే రాత్రి కలలోకి వస్తుంది.

హార్వర్డ్ పరిశోధకుడు రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ అనే కంప్యూటర్ ఆటను గంటల తరబడి ఆడినవారిలో చాలామందికి నిద్ర పట్టే వేళ జారిపడే ఆ ముక్కలే కనిపించాయి. ఆట ఆడిన సంగతే గుర్తులేని మతిమరుపు రోగుల్లోనూ కొందరికి అవి కనిపించడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అయితే కల పగటి సంఘటనను ఉన్నదున్నట్లు చూపడం అరుదు. తక్కువైన నోట్ల కట్ట కలలో మీ అమ్మగారి బియ్యం డబ్బాలో దొరికిందన్నారు కదా, తాజా ఆందోళన పాత జ్ఞాపకంతో కలిసిపోయిన తీరు అది. నిన్నటి విషయాలే కాక 5 నుంచి 7 రోజుల కిందటివి కూడా కలల్లో తిరిగి వస్తాయని పరిశోధకులు గమనించారు కాబట్టి, సెలవు రోజున ఆ కల రావడంలో వింతేమీ లేదు.

పీడకలలకు నిపుణులు సూచించే ఒక పద్ధతిని మీరు పాటించవచ్చు. పగటిపూట ఆ కలకు వేరే ముగింపు, అంటే లెక్క సరిపోయి, సంతకం చేసి, కౌంటరు మూసి మీరు ఇంటికి బయలుదేరినట్లు, కాగితంపై రాసుకుని రోజూ 10 నుంచి 20 నిమిషాలు కళ్లకు కట్టినట్లు ఊహించుకోండి. కొన్ని వారాల తరువాత కూడా నిద్ర చెడుతూనే ఉంటే మానసిక వైద్యుణ్ణి తప్పక సంప్రదించండి.