సర్టిఫికెట్ చింపేస్తే పెళ్లి రద్దవుతుందా?

ప్రశ్న: చదువుకునే రోజుల్లో ప్రేమించిన అబ్బాయిని ఇంట్లో చెప్పకుండా రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నాను. ఇద్దరం హిందువులమే. కాపురం చేయలేదు, ఏడాది తిరక్కుండానే విడిపోయాం. అతను తొందరపెట్టడం వల్లే సంతకం చేశాననిపిస్తోంది. ఇది జరిగి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో సంబంధం కుదిర్చారు. 'స్టాంపు పేపర్ మీద విడిపోయినట్టు రాసుకుందాం' అంటున్నాడతను. సర్టిఫికెట్ చింపేయమని స్నేహితురాలి సలహా. ఆ ఒక్క నిర్ణయంతో నా జీవితం పాడైనట్టేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఓ సోదరి

జవాబు: ఎందుకు సంతకం చేశారో, ఎప్పుడు విడిపోయారో మీ ఉత్తరంలో రాశారు. ఏ చట్టం కింద రిజిస్టర్ అయిందో మాత్రం రాయలేదు. మీ కేసు తేలేది అక్కడే. ముందు ఆ సర్టిఫికెట్ తీసి పైన ఏముందో చదవండి.

'ప్రత్యేక వివాహ చట్టం, 1954' అని ఉంటే, అంటే ముందుగా నోటీసిచ్చి 30 రోజులు ఆగి వివాహ అధికారి ఎదుట సంతకాలు చేసి ఉంటే, మీకు పెళ్లయిపోయింది. సెక్షన్ 13 ప్రకారం ఆ సర్టిఫికెట్టే తిరుగులేని సాక్ష్యం. కాపురం చేయనంత మాత్రాన అది దానంతటదే చెల్లకుండా పోదు.

'హిందూ వివాహ చట్టం, 1955' అని ఉంటే లెక్క వేరు. అక్కడ రిజిస్ట్రేషన్ అంటే అప్పటికే జరిగిన పెళ్లిని నమోదు చేయడం మాత్రమే. క్రతువు ఏదీ జరగకుండా కేవలం సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పెళ్లి కాదని 2024లో డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాకపోతే ఆ కేసులో పెళ్లి చెల్లదని ప్రకటించమని ఇద్దరూ కలిసి అడిగారు. మీరేమో ఫలానా తేదీన, ఫలానా చోట పెళ్లి జరిగిందని దరఖాస్తులో రాసి సంతకం పెట్టి ఉంటారు. జరగలేదని ఇప్పుడనాలంటే ఆ సంతకానికి మీరే జవాబు చెప్పుకోవాలి. దండలు మార్చుకున్న ఫొటో ఒక్కటి బయటపడినా వాదన మొదటికొస్తుంది. చదవకుండా సంతకం పెట్టడం ఒక తప్పయితే, నాలుగేళ్లు ఎవరినీ అడక్కుండా కూర్చోవడం ఇంకో తప్పు.

'తొందరపెట్టాడు' అన్న మాట వదిలేయండి. బలవంతం, మోసం కారణాలతో పెళ్లి రద్దు కోరాలంటే బలవంతం ఆగిన లేదా మోసం తెలిసిన ఏడాదిలోపే కోర్టుకెళ్లాలి. తొందరపెట్టడం బలవంతం కిందికి రాదు, పైగా గడువెప్పుడో దాటింది.

స్టాంపు పేపర్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. నోటరీ ముద్ర వేసినా అది విడాకులు కాదు. సర్టిఫికెట్ చింపితే పోయేది మీ కాపీ, ఆఫీసు రిజిస్టర్ అలాగే ఉంటుంది. మొదటి పెళ్లి చెల్లేదైతే, కోర్టు డిక్రీ (తీర్పు) లేకుండా చేసుకునే రెండో పెళ్లి చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల వరకు జైలు. వరుడి దగ్గర దాచి చేసుకుంటే పదేళ్ల వరకు. ఇవాళ 'నీ దారి నీది' అంటున్నవాడు రేపు కూడా అదే అంటాడని ఏం భరోసా?

అతను సంతకానికి సిద్ధంగా ఉండటం మీకు కలిసొచ్చే విషయం. పెళ్లి చెల్లేదైతే పరస్పర అంగీకార విడాకులకు ఇద్దరూ కలిసి పిటిషన్ వేయండి. ఏడాదికి పైగా విడిగా ఉన్నారు కాబట్టి ఆ షరతు తీరింది. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ దరఖాస్తు కూడా వేయించండి. హిందూ వివాహ చట్టం కింద నమోదై, క్రతువే జరగలేదంటే, పెళ్లి కాలేదని ప్రకటించమని ఫ్యామిలీ కోర్టును కోరవచ్చు. దానికి అతని అఫిడవిట్ బాగా పనికొస్తుంది.

ఈ వారమే రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫికెట్‌కు, దరఖాస్తుకు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. అతని మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. విడిగా ఉన్నట్టు చూపే హాస్టల్ రసీదులు, అద్దె ఒప్పందం ఉంటే వెతికి పెట్టుకోండి. ఇంట్లో ఈ రోజే చెప్పి, డిక్రీ చేతికొచ్చేదాకా పెళ్లి తేదీ పెట్టుకోకుండా ఆపించండి.