వాడిన లోటస్ ఎలీజ్‌లలో ఏది కొనాలి: సిరీస్ 1, 111ఆర్, ఎలీజ్ ఎస్?

మీరు అడిగింది ఇది: ఉండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ దగ్గర. ఏడాదికి ఐదారు ట్రాక్ డేలకు, అంటే రేస్ ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులకు, వెళ్ళాలి, ఎండ కాసిన ఆదివారాల్లో పల్లె రోడ్ల మీద తిరగాలి. అందుకోసం వాడిన లోటస్ ఎలీజ్, ఆ రెండు సీట్ల తేలికపాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, కొనాలనుకుంటున్నారు. మూడు కార్లు చూసి పెట్టుకున్నారు: 1998 నాటి సిరీస్ 1, 2005 నాటి 111ఆర్, 2007 నాటి ఎలీజ్ ఎస్. 111ఆర్ కన్నా ఎలీజ్ ఎస్ ధర మూడు వేల పౌండ్లు తక్కువ. వెనక చక్రాలకు పవర్ వెళ్ళే కారు ఇంతవరకు నడపలేదు. ట్రాక్ ఎక్కింది ఒక్కసారే, అదీ మామూలు హ్యాచ్‌బ్యాక్‌తో.

నా సలహా: 2007 ఎలీజ్ ఎస్ తీసుకోండి. మిగిలే మూడు వేలు టైర్లకీ, బ్రేకులకీ, పక్కన కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కీ ఉంచుకోండి. ఈ మాట చెబుతున్న నేను ఆరేళ్ళుగా నడుపుతున్నది 111ఆర్. ఆ కారంటే నాకు ప్రాణం. అయినా మొదటి ఎలీజ్‌గా దాన్నే కొనడం వల్ల రెండేళ్ళలో నేర్చుకోవాల్సింది నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ముందు అంకెల సంగతి. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఎలీజ్‌ని చూపించినప్పుడు అందరూ మాట్లాడుకున్నది ఇంజను గురించి కాదు, ఛాసీ గురించి, అంటే కారు అస్థిపంజరం గురించి. అల్యూమినియం ముక్కల్ని వెల్డింగ్ చేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికించి కట్టారు. ఆ ఛాసీ బరువు 68 కిలోలు. దాంతో సిరీస్ 1 మొత్తం కారు బరువు కంపెనీ లెక్క ప్రకారం దాదాపు 725 కిలోల దగ్గర ఆగింది. అందులో ఉన్నది 118 హార్స్‌పవర్ ఇచ్చే రోవర్ కె-సిరీస్ 1.8 ఇంజను. 2004లో వచ్చిన 111ఆర్‌లో టయోటా 2జెడ్‌జెడ్ ఇంజను, 189 హార్స్‌పవర్, ఆరు గేర్లు, ఏబీఎస్. బరువు 860 కిలోలు. 2005లో రోవర్ ఇంజను ఇచ్చే ఎంజీ రోవర్ మూతపడింది. ఆ తర్వాతి ఏడాది తక్కువ పవరున్న మామూలు ఎలీజ్‌లోకి కూడా టయోటా ఇంజనే వచ్చింది. అదే మీరు చూసిన ఎలీజ్ ఎస్: 1జెడ్‌జెడ్, 134 హార్స్‌పవర్, ఐదు గేర్లు, ఇంచుమించు 860 కిలోలే.

టన్నుకు లెక్కేస్తే సిరీస్ 1కి సుమారు 163, ఎలీజ్ ఎస్‌కి 156, 111ఆర్‌కి 220 హార్స్‌పవర్ వస్తాయి. ఈ లెక్క చూడగానే ఎవరికైనా 111ఆరే కళ్ళ ముందు మెదులుతుంది. నాకూ అదే జరిగింది. కాకపోతే ఆ 189 ఎక్కడ ఉంటాయో కాగితం మీద కనిపించదు.

ఆ 2జెడ్‌జెడ్ ఇంజనుకి రెండు ముఖాలు. 6,200 ఆర్‌పీఎం దాకా అది మామూలు టయోటా ఇంజనే, నెమ్మదస్తురాలు. 6,200 దగ్గర క్యామ్, అంటే వాల్వులు ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే భాగం, మారుతుంది. మీ వీపు వెనక, తల నుంచి రెండడుగుల దూరంలో శబ్దం ఒక్కసారిగా మారిపోతుంది. గొంతు చించుకున్నట్టు అరుస్తూ 8,500 దాకా పరిగెడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ పరుగులోనే ఉంచడానికి రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు 8,000 దాటించి మరీ మార్చాలి. ఆరు గేర్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ట్రాక్ మీద అది సాధ్యమే. పల్లె రోడ్డు మీద మాత్రం రెండో గేరులో అక్కడికి చేరేసరికే స్పీడ్ లిమిట్ దగ్గరికి వచ్చేస్తారు. రోడ్డు మీద వంద మైళ్ళు నడిపితే ఆ రెండో ముఖం కనిపించేది నాలుగైదు సార్లే.

ఇక ట్రాక్ మీద ఏం జరిగిందో చెప్తాను. కొన్న రెండో ఏడాది, నవంబరు. నేను ఉండేది కేంబ్రిడ్జ్ దగ్గర, కాబట్టి నార్ఫోక్‌లోని స్నెటర్టన్ నాకు ఇంటి ట్రాక్ లాంటిది. లోటస్ ఫ్యాక్టరీ ఉన్న హెథెల్ కూడా అక్కడికి దగ్గరే. పొద్దున్నుంచి సన్నటి తుంపర. ఆ ట్రాక్ చివర్లో కోరమ్ అనే కుడి మలుపు ఉంది. పొడవైన మలుపు, ఎంతకీ అయిపోదు. మూడో గేరులో, ఆరు వేల దగ్గర, కాలు కదపకుండా పట్టుకుని వెళ్తున్నాను. కారు కాస్త తేలికగా ఉన్నట్టు తెలుస్తోంది, బాగానే ఉంది. ఆత్మవిశ్వాసం పెరిగి ఇంకొంచెం తొక్కాను. సరిగ్గా మలుపు మధ్యలో ముల్లు 6,200 దాటింది, క్యామ్ మారింది. వెనక టైర్లకి అప్పటిదాకా లేని బలం ఒక్క క్షణంలో వచ్చి పడింది. తోక కదిలింది. భయపడి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశాను. చేయకూడని పని అదే. బరువంతా ముందుకి వెళ్ళింది, వెనక పట్టు పూర్తిగా పోయింది. ఇంజను వెనక ఉన్న కారు కదా, వడిసెలలో రాయిలా తోక తిరిగింది. ఒకటిన్నర చుట్టు తిరిగి గడ్డిలో వెనక్కి మొహం పెట్టి ఆగాను. దేనికీ గుద్దుకోలేదు. కానీ చేతులు ఆగకుండా వణికాయి. పిట్ లేన్‌లోకి వచ్చాక సీటు బెల్టు విప్పడానికే కాసేపు పట్టింది.

ఆ మధ్యాహ్నం ఒక స్నేహితుడు తన ఎలీజ్ ఎస్ నడపమని తాళాలు ఇచ్చాడు. అదే తడి, అదే మలుపు. ఆ ఇంజనుకి ఒకటే ముఖం. ఎంత తొక్కితే అంతే ఇస్తుంది, ఎక్కడ తొక్కినా ఒకే రకంగా ఇస్తుంది. దాంతో నా ధ్యాసంతా స్టీరింగ్ మీదికి వెళ్ళింది. పవర్ సాయం లేని ఆ స్టీరింగ్ ముందు టైర్ల కింద ఏముందో అరచేతికి చెబుతుందని అప్పటిదాకా పుస్తకాల్లో చదివాను. ఆ రోజు తెలిసింది. ముందు టైర్ల పట్టు సడలబోతుంటే స్టీరింగ్ బరువు కొంచెం తగ్గుతుంది, అంతే. ఆ కొంచెం పసిగట్టగలిగితే ఎలీజ్ వచ్చినట్టే. నా కారులో ఏడాదిన్నరగా అదే కబురు వస్తూనే ఉంది. నేనే ఆర్‌పీఎం ముల్లు చూస్తూ దాన్ని పట్టించుకోలేదు.

అందుకే మీకు ఎలీజ్ ఎస్ అంటున్నాను. 134 హార్స్‌పవర్ చాలదేమో అన్న టెన్షన్ పెట్టుకోకండి. నేరుగా ఉన్న చోట పెద్ద కార్లు మిమ్మల్ని దాటతాయి. బ్రేకుల దగ్గర, మలుపుల్లో మీరు వాటిని మళ్ళీ అందుకుంటారు. 860 కిలోల కారుకి బ్రేకులు త్వరగా వేడెక్కవు, టైర్లు రోజంతా నిలుస్తాయి. బరువైన కార్లవాళ్ళు నాలుగు ల్యాపులకోసారి చల్లారబెట్టుకోవడానికి లోపలికి వస్తుంటే మీరు తిరుగుతూనే ఉంటారు. నేర్చుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి?

సిరీస్ 1 గురించి మనసు పీకుతోందని రాశారు. అర్థమవుతుంది. మూడింటిలో అందమైనది అదే, తేలికైనదీ అదే. ఏబీఎస్ లేదు, బ్రేకులు తొక్కడానికి సాయపడే సర్వో కూడా లేదు. కాలికీ బ్రేకుకీ మధ్య ఏ అడ్డమూ ఉండదు, బలంగా తొక్కాలి. నడిపిన ప్రతిసారీ వదలబుద్ధి కాని కారు. అయితే కె-సిరీస్ ఇంజను హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయే సమస్య అందరికీ తెలిసిందే. రేడియేటర్ ముందు, ఇంజను వెనక. మధ్యలో పొడవాటి పైపులు, ఇంజను లోపల పట్టే నీళ్ళు తక్కువ. పూర్తిగా వేడెక్కకముందే గట్టిగా తొక్కితే చన్నీళ్ళు ఒక్కసారిగా లోపలికి వెళ్ళి దెబ్బ తగులుతుందని ఈ కార్లు బాగుచేసేవాళ్ళు చెప్తారు. మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్ వేసి, కూలింగ్ అంతా కొత్తగా చేయించిన బిల్లులు ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది. అలాంటి కాగితాలు ఉన్న కారు దొరికి, మీరు ట్రాక్ కన్నా రోడ్డు మీద ఎక్కువ తిరిగేవారైతే నేనే సిరీస్ 1 తీసుకోమనేవాణ్ణి. ఇంకొక సంగతి, దాని తలుపు కింది గడపలు సిరీస్ 2 కంటే, అంటే 111ఆర్, ఎలీజ్ ఎస్‌ల కంటే, ఎత్తు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు నా సిరీస్ 2లోకే మోకాళ్ళ నొప్పులతో ఎక్కలేకపోయింది. ఆ గడప దాటడం ఇంట్లో వాళ్ళతో కూడా ఒకసారి చేయించి చూడండి.

సిరీస్ 1లోనే వచ్చిన 111ఎస్‌లో 143 హార్స్‌పవర్, దాని వాల్వుల ఏర్పాటు చిక్కైనది, తెలిసిన మెకానిక్ ఉంటేనే. సూపర్‌ఛార్జర్ (ఇంజనులోకి ఎక్కువ గాలి తోసే పంపు) ఉన్న ఎలీజ్ ఎస్‌సీ, దాని అన్న లాంటి ఎక్సీజ్‌లు మీకు ఇప్పుడు వద్దు. వాక్స్‌హాల్ వీఎక్స్220 మాత్రం ఒకసారి చూడండి. హెథెల్‌లోనే తయారైంది, ఛాసీ ఎలీజ్ కుటుంబానిదే, 2.2 ఇంజను మలుపుల్లో సాఫీగా లాగుతుంది. లోటస్ బ్యాడ్జ్ లేకపోవడం వల్ల చాలామంది దాన్ని పట్టించుకోరు. అది అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలైన విషయం. ఏ మోడల్ అన్నదానికంటే ఏ కారు అన్నది ముఖ్యం. నేను కొనే ముందు అయిదు కార్లు చూశాను. అందులో ఒకదాని యజమాని ఇది ట్రాక్ మొహమే చూడలేదండీ అన్నాడు. వెనక చక్రం పైన వంపులో చెయ్యి పెట్టి తడిమాను. కరిగి అతుక్కున్న రబ్బరు ముక్కలు, మిరియాల గింజల్లా చేతికి తగిలాయి. బ్రేక్ డిస్కుల రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్ళు. ట్రాక్ మీద నడిపితే తప్పేం లేదు, జాగ్రత్తగా చూసుకున్న ట్రాక్ కారు నిలబెట్టి ఉంచిన కారుకన్నా మంచిదే. నడిపి కూడా నడపలేదని చెప్పేవాడు ఇంకేం దాచాడో మనకి తెలీదు. దండం పెట్టి వచ్చేశాను.

మీరు చూడాల్సినవి చెప్తాను. ముందు వెనక ఒక్కో పెద్ద ఫైబర్ ముక్క ఉంటుంది, క్లామ్ అంటారు. చిన్న దెబ్బ తగిలినా రిపేరు, పెయింటు కలిసి పెద్ద ఖర్చు. పెయింటు రంగులో తేడా, అంచుల దగ్గర సన్నటి నక్షత్రాల్లాంటి పగుళ్ళు వెతకండి. ఛాసీకి గట్టి దెబ్బ తగిలితే మామూలు కారులా లాగి సరిచేయడం కుదరదు, అందుకని ఆ విషయంలో సందేహం ఉంటే వదిలేయండి. కింద అల్యూమినియం రేకు బిగించి ఉంటుంది. అది విప్పకుండా సస్పెన్షన్ చేతులు సరిగ్గా కనిపించవు. కాబట్టి ఎంఓటీ (ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష) పాసైందన్న కాగితం చూసి నమ్మేయకండి. డబ్బిచ్చి ఎలీజ్‌లు తెలిసిన వర్క్‌షాపులో రేకు విప్పించి చూపించండి. పాత ఎంఓటీ రికార్డులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, మైలేజీ సరిపోతోందో లేదో అక్కడే తెలుస్తుంది. సిరీస్ 2 కార్లలో వెనక టో లింకులు చాలా ముఖ్యం. చక్రం దిశను పట్టి ఉంచేవి అవే. మంచి టైర్లతో ట్రాక్ మీద తిప్పే కారుకి గట్టి రకం కిట్ వేయించుకోవాలి. నేను కొన్న మొదటి నెలలోనే వేయించాను. టయోటా ఇంజనుతో ట్రాక్‌కి వెళ్ళేటప్పుడు ఆయిల్ ఎప్పుడూ డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గర ఉండాలి. పొడవైన మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోతుంది. 111ఆర్ వాళ్ళు అందుకే అడ్డగోడలున్న సంప్ (ఇంజను కింది ఆయిల్ తొట్టి) వేయించుకుంటారు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. ఇక్కడి మామూలు పాలసీలు చాలావరకు ట్రాక్ డేని కవర్ చేయవు. ఆ రోజుకి విడిగా తీసుకోవాలి.

తర్వాత హైదరాబాద్‌కి తెచ్చుకోవచ్చా అని చివర్లో అడిగారు. కుదరదండీ. మూడేళ్ళకన్నా పాతబడిన వాడిన కారుని ఇండియాలోకి దిగుమతి చేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఎలీజ్ తయారీయే 2021తో ఆగిపోయింది. ఇక్కడున్నన్నాళ్ళు ఇక్కడే తనివితీరా నడపండి.

ఆ 2007 కారు చూడ్డానికి వెళ్ళే ముందు అమ్మేవాళ్ళకి ఫోన్ చేసి, నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే వెనక మూత మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఎందుకు వేడెక్కించారో అడగండి. చల్లగా ఉంటే పక్కన నిలబడి, మొదటి నిమిషం ఆ శబ్దం జాగ్రత్తగా వినండి.