విశాఖలో ఉండి చెల్లోను వృత్తిగా చేసుకోవచ్చా? చేసుకోవచ్చు

ప్రశ్న అడిగినవారి అమ్మాయికి పన్నెండేళ్లట. చెల్లో, అంటే వయొలిన్‌లాగే ఉండి దానికంటే చాలా పెద్దదైన, కూర్చుని మోకాళ్ల మధ్య పట్టుకుని కమానుతో వాయించే వాయిద్యం తప్ప మరొకటి వద్దంటోందట. విశాఖపట్నంలోనే ఉంటూ దాన్ని వృత్తిగా చేసుకోగలదా, లేక “చివరికి టీచరుగానే మిగిలిపోతుందా” అని వారి సందేహం. నా అభ్యంతరమంతా ఆ చివరి మాట దగ్గరే. నేను చెన్నైలో చెల్లో నేర్చుకున్నాను, అక్కడే కొన్నాళ్లు రికార్డింగులలో వాయించాను, ఆ తర్వాత సొంత ఊరికి వచ్చి పిల్లలకు నేర్పుతున్నాను. ఎవరూ రమ్మనలేదు, గత్యంతరం లేకా రాలేదు. నేర్పాలనే వచ్చాను.

చెల్లో వాయించేవారి జీవితంలో బోధన ఒక మూలన పడి ఉండే పని కాదు. పేరొందిన చెల్లో విద్వాంసుడు యానోష్ స్టార్కర్ 1958లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో చేరి, ఒకవైపు కచేరీలు చేస్తూనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. మరో గొప్ప చెల్లో కళాకారిణి జాక్లిన్ డు ప్రే జబ్బు కారణంగా 1973లో వేదికకు దూరమయ్యారు కానీ శిష్యులకు దూరం కాలేదు. అంత దూరం వెళ్లక్కర్లేదు, మన పక్కనున్న విజయనగరం చాలు. 1919లో అక్కడి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని వయొలిన్ ఆచార్యులుగానే నియమించారు. 1936లో ఆయన ఆ కళాశాల ప్రిన్సిపాలయ్యారు. ఆయన టీచరుగా మిగిలిపోయారని ఎవరైనా అనగలరా? నేర్పనివారి వాయింపులో ఎక్కడో ఒక డొల్లతనం ఉంటుందని నా గట్టి నమ్మకం. కమాను పట్టుకునేటప్పుడు బొటనవేలు ఎందుకు వంచాలని పిల్ల అడిగితే జవాబు చెప్పాలి కదా, అప్పుడే మన చెయ్యి ఏం చేస్తోందో మనకు తెలుస్తుంది.

ఈ ఊళ్లో ఆ బోధన ఎలా ఉంటుందో ఒక సంగతి చెబుతాను. షీలానగర్‌లో ఉండే శిష్యుడొకడు సెలవులకు చెన్నై వెళ్తూ చెల్లో కూడా తీసుకెళ్లాడు. తిరుగు ప్రయాణంలో రైలు కుదుపులకు ఏమవుతుందోనని వాళ్ల నాన్నగారు జాగ్రత్తకోసం నాలుగు తీగలూ ఒకేసారి పూర్తిగా వదులు చేశారు. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే తీగలను పైకెత్తి పట్టే చెక్క, బ్రిడ్జి, పడిపోయి ఉంది, వాయిద్యం కదిపితే లోపల ఏదో పుల్ల దొర్లుతున్న చప్పుడు. అది సౌండ్‌పోస్టు. పైపలకకూ వెనకపలకకూ మధ్య, సన్నతీగ వైపున్న బ్రిడ్జి కాలికి కాస్త వెనకగా నిలబడే స్ప్రూస్ కర్ర అది. దానికి జిగురు ఉండదు, రెండు పలకల మధ్య బిగువు మీదే నిలుస్తుంది. అది లేకుండా తీగలు బిగిస్తే పైపలక కుంగిపోయే ప్రమాదం ఉంది. బాగుచేసేవారి కోసం మళ్లీ చెన్నై వెళ్లాలా అని ఆయన దిగాలుగా అడిగారు.

అక్కర్లేదన్నాను. మా గురువుగారు వాయించడంతోపాటు ఈ పని కూడా నేర్పారు. ఎస్ ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ మొనకు ఆ కర్రను గుచ్చి, పైపలక మీదున్న సన్నటి రంధ్రంలోంచి లోపలికి దించాలి. దంతవైద్యులు వాడే చిన్న అద్దంలో చూస్తూ నిలబెట్టాలి. పిల్లవాడు టార్చి పట్టుకున్నాడు. కర్ర నిలిచినట్టే నిలిచి ఒరిగేది, మళ్లీ మొదలు. బయట వాన, గదిలో ఉక్కపోత, కడ్డీ చేతిలో జారుతోంది. రాత్రి భోజనాల వేళకు కర్ర నిటారుగా నిలిచింది. బ్రిడ్జి పెట్టి, నాలుగు తీగలనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించి, కమాను ఆ పిల్లవాడికే ఇచ్చాను. అన్నిటికంటే లావైన సి తీగ మీద ఒక్కసారి పొడుగ్గా లాగాడు. 65 హెర్ట్జ్ దగ్గర పలికే స్వరమది, చెవికంటే ముందు మోకాళ్లకు తెలుస్తుంది. వాడి ముఖం చూసి వాళ్ల నాన్నగారు “ఇవి కూడా మీరే చేయాలా మాస్టారూ?” అన్నారు. అవునండీ, ఇక్కడ చెల్లో మాస్టారి ఉద్యోగంలో ఇదీ భాగమే. తర్వాత ఆ పిల్లవాడు కూడా కర్ర నిలబెట్టడం నేర్చుకున్నాడు.

సముద్రపు గాలి సంగతీ చెప్పాలి. వానాకాలంలో తీగలు బిగించే బిరడాలు ఉబ్బి తిరగవు, పలకల అతుకులు విడతాయి. రాత్రంతా ఏసీ గదిలో ఉంచి పొద్దున్నే బాల్కనీలోకి తెచ్చేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. అంతకంటే ఎక్కువ కోపం, మూడు నెలల్లో సినిమా పాట వాయించాలనే తల్లిదండ్రుల మీద. ఒంటరి చెల్లో కోసం బాఖ్ రాసిన ఆరు సూట్ల (నాట్యగతుల మీద అల్లిన రచనల వరుసల) ప్రతి, తర్వాత చెల్లో విద్వాంసుడిగా పేరొందిన పాబ్లో కసాల్స్‌కు పదమూడేళ్లప్పుడు బార్సిలోనాలో ఒక పాత దుకాణంలో దొరికింది. వాటిని సభలో వాయించడానికి ముందు ఆయన పన్నెండేళ్లు సాధన చేశారు. ఇక్కడేమో పాశ్చాత్య సంగీత పరీక్షల ఎనిమిది గ్రేడ్లూ ఎన్నాళ్లలో అవుతాయని మొదటిరోజే అడుగుతారు. ఏ గ్రేడుకూ స్వరజ్ఞానం కొలిచే శక్తి లేదు.

సంపాదన అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆర్కెస్ట్రాలో పూర్తికాలపు ఉద్యోగమే కావాలంటే విశాఖ వదలాలి, 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ముంబయిలో ఉంది. ఇక్కడ బతుకుతెరువు అంటే ఇంటి దగ్గర పాఠాలు, ఒకటి రెండు బడులు, క్రిస్మస్ రోజుల్లో చర్చి కార్యక్రమాలు, పెళ్లి విందులు, అప్పుడప్పుడు రికార్డింగు. దేనికదే చిన్నది, కానీ అన్నీ కలిస్తే ఇల్లు గడుస్తుంది. వయొలిన్, కీబోర్డు నేర్పేవారు వీధికొకరు ఉన్నారు, చెల్లో నేర్పేవారు అరుదు. మీ అమ్మాయి బాగా నేర్చుకుంటే పిల్లలే వెతుక్కుంటూ వస్తారు.

వాయిద్యాన్ని మాత్రం ఆన్‌లైనులో బొమ్మ చూసి కొనకండి. పన్నెండేళ్లకు సాధారణంగా ముప్పావు సైజు సరిపోతుంది కానీ ఎత్తును బట్టి మారుతుంది. కూర్చుని పట్టుకుంటే పైఅంచు రొమ్ము ఎముకకు ఆనాలి, సి తీగ బిరడా ఎడమ చెవి వెనక్కి రావాలి. అందుకే ముందు అమ్మాయిని ఎవరైనా నేర్పేవారి దగ్గరికి తీసుకెళ్లి, వారి చెల్లోతో కూర్చోబెట్టి చూడండి.