మొదట కెమెరా వెనక భాగం చెయ్యి, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు చెయ్యబోయే చెక్క కెమెరాకి గీసి పంపిన బొమ్మ చూశాను. ముందు భాగం ఎంత ముచ్చటగా గీశావో, ఇత్తడి పట్టీలు, గుండ్రటి మూలలు, లెన్స్ బోర్డు చుట్టూ సన్న గీత కూడా. వెనక భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక గడి గీసి "ఇక్కడ గ్లాస్" అని రాసి వదిలేశావు. ఈ ఉత్తరం దాని కోసమే రాస్తున్నాను. ఫోర్ బై ఫైవ్ కెమెరాలో, అంటే నాలుగంగుళాలు బై అయిదంగుళాల ఫిల్మ్ ముక్క మీద తీసేదాంట్లో, నువ్వు తప్పు చెయ్యకూడని చోటు అదొక్కటే. మిగతాది కాస్త వంకరగా వచ్చినా ఫొటో వస్తుంది.

మొదట ఒక పాత ఫిల్మ్ హోల్డర్, అదే ఫిల్మ్ ముక్క పెట్టి కెమెరా వెనక దూర్చే పలచటి పెట్టె, కొను. అది చేతికి వచ్చేదాకా చెక్క మీద రంపం పెట్టకు. ఎవరో గీసిన డ్రాయింగ్‌లో కొలతలు కాకుండా నీ హోల్డర్ కొలతలే తీసుకో. దాని ఒక చివర సన్నటి గట్టు ఉంటుంది చూడు, అది కూర్చోవడానికి కెమెరా వెనక చెక్కలో ఒక గాడి తియ్యాలి, అప్పుడే ఫిల్మ్‌ని కప్పి ఉంచే పలక, డార్క్ స్లైడ్, లాగేటప్పుడు హోల్డర్ జారదు, ఆ సందులోంచి వెలుతురు దూరదు. ఇక అసలు కొలత: హోల్డర్ కెమెరాకి ఆనే ముఖం నుంచి ఫిల్మ్ దాకా లోతు 4.8 మిల్లీమీటర్లు. హోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే 5 వస్తుంది, ఆ తేడా ఫిల్మ్ మందం. ఫోకస్ చూసుకునే గరుకు గాజు ఉంది చూడు, గ్రౌండ్ గ్లాస్, దాని గరుకు ముఖం కూడా అదే 4.8 లోతులో ఉండాలి, ఆ గరుకు ముఖం లెన్స్ వైపే ఉండాలి. 0.2 మిల్లీమీటర్ల తేడా దాటనివ్వకు. స్కేలుతో ఇది తేలదు, ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకి వెళ్ళినా వెర్నియర్ కాలిపర్ ఉంటుంది, దాని చివర బయటికి వచ్చే లోతు పుల్లతో నాలుగు మూలలా కొలిపించు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, నా మొదటి కెమెరాలో 3 మిల్లీమీటర్ల గ్లాసుని తిరగేసి బిగించాను. గరుకు వైపు నా వైపుకి వచ్చింది. గ్లాసు మీద చూస్తే అంతా స్పష్టంగానే కనిపించింది, అనుమానం ఎందుకొస్తుంది? గుణదల ఇంట్లో వీధి తలుపు ముందు మీ అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ కళ్ళ మీద ఫోకస్ చేసి తీశాను. కడిగి చూస్తే వెనక తలుపు మీది ఇత్తడి కడియాలు, చెక్క రేఖలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. మా అమ్మ ముఖం మాత్రం పలచటి పొగమంచు వెనక ఉన్నట్టు ఉంది. తర్వాత లెక్క వేసుకున్నాను. 150 మిల్లీమీటర్ల లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, ఆ తిరగేసిన గ్లాసు వల్ల ఫోకస్ అడుగుకి పైగా వెనక్కి పోతుంది. తప్పు ఏమిటో తెలిసి సరిచేసేసరికి ఆవిడ లేరు.

అందుకే వెనక భాగం పూర్తయ్యాక, లెన్స్‌కీ వెనక భాగానికీ మధ్య ఉండే మడతల తిత్తి చెయ్యకముందే, ఒక అట్టపెట్టెకి లెన్సూ ఈ వెనక భాగమూ బిగించి పరీక్ష చెయ్యి. బల్ల మీద ఒక స్కేలు ఏటవాలుగా పెట్టి, మధ్య అంకె మీద ఫోకస్ చేసి, లెన్స్ పూర్తిగా తెరిచి ఒక ఫొటో తియ్యి. అదే అంకె పదునుగా వస్తే సరే. లేకపోతే గ్లాసు కింద సన్న కాగితం పట్టీలు పెడుతూ లేదా గాడి గీకుతూ సరిచెయ్యి. దీనికి ఖరీదైన ఫిల్మ్ వద్దు, ఫొటో పేపరు ముక్క చాలు, దాని స్పీడు (ISO) 6 అనుకుని తియ్యి. తర్వాత ఎక్స్‌రే ఫిల్మ్‌కి వెళ్ళు, సూర్యారావుపేటలో ఆసుపత్రుల పక్కన సర్జికల్ షాపుల్లో అడుగు. ఎర్ర లైటు కింద కోసుకోవచ్చు. రెండు వైపులా మందు ఉంటుంది కాబట్టి కడిగేటప్పుడు గోరు తగిలినా గీత పడుతుంది, జాగ్రత్త.

గ్రౌండ్ గ్లాస్ కొననక్కరలేదు. ఫొటో ఫ్రేములు కట్టే షాపులో గ్లాసు కోయించుకుని, సన్నటి కార్బొరండం పొడి, నీళ్ళు వేసి, పైన ఇంకో చిన్న గాజు ముక్కతో గుండ్రంగా రుద్దు. గంట పడుతుంది. అంచులు ముందే ఉప్పు కాగితంతో మొద్దు చేసుకో, చెయ్యి తెగుతుంది.

చెక్క సంగతి. కొండపల్లి పక్కనే ఉంది, బొమ్మలు చేసే తెల్ల పొణికి తేలిగ్గా ఉంటుంది కదా అని అడిగావు. అది బొమ్మకి ప్రాణం లాంటిది, కెమెరాకి పనికిరాదు, మరీ మెత్తన, స్క్రూ నిలబడదు. టేకే తీసుకో. కొత్త టేకు మాత్రం వద్దు. మన ఊళ్ళో వానాకాలం ఉబ్బి, మే నెలలో ముడుచుకుని, లెన్స్‌ని మోసే బెడ్ జారే గాడులు ఒక నెల బిగుసుకుపోతాయి, ఒక నెల వదులైపోతాయి. పాత ద్వారబంధాలు, తలుపులు యాభై అరవై ఏళ్ళు ఎండావానా చూసినవి, కొత్త చెక్కంత కదలవు.

తిత్తికి భయపడకు. కేరళలోని అలప్పుళలో కరుణాకరన్ గారు 1940లలో టేకు, ఇత్తడితో వాగీశ్వరి అని మన దేశపు ఫీల్డ్ కెమెరా, అంటే మడిచి బయటికి మోసుకెళ్ళేది, చేశారు. వాళ్ళది సంగీత వాయిద్యాలు బాగుచేసే ఇల్లు, ఒక కెమెరా తిత్తి బాగుచెయ్యడంతోనే ఆ పని మొదలైంది. హార్మోనియం తిత్తి మడత తెలిసిన మేస్త్రి ఎవరైనా కనిపిస్తే పక్కన కూర్చుని చూడు. లోపలికి నల్ల గొడుగు గుడ్డ, పైకి పలచటి రెక్సిన్, మధ్యలో శుభలేఖ అట్టంత మందం ఉన్న పట్టీలు, పట్టీకీ పట్టీకీ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ. మామూలు ఫెవికాల్ వాడితే గుడ్డ తడిసి ముడతలు పడుతుంది, రబ్బరు గమ్ము రాయి. 150 లెన్స్‌తో వస్తువుని అసలు సైజులో తియ్యాలంటే 300 మిల్లీమీటర్ల తిత్తి కావాలి, 20 మిల్లీమీటర్ల మడతలైతే పన్నెండు జతలు పెట్టుకో. అయ్యాక రాత్రి లైట్లన్నీ ఆపి లోపల టార్చి పెట్టి మూలలు చూడు.

ఆఫ్‌సెట్ ప్రెస్ వాళ్ళు అచ్చు పేజీల ఫొటోలు తీయడానికి వాడిన పాత ప్రాసెస్ లెన్స్ చవగ్గా వస్తోందన్నావు. మంచి లెన్సే, కానీ చాలా పొడవు ఫోకస్, తిత్తి రెట్టింపు చెయ్యాలి, షట్టరు ఉండదు. మొదటి కెమెరాకి షట్టరుతో ఉన్న 150 చూసుకో, ఆ షట్టరు కోపాల్ 0 రకం అయితే లెన్స్ బోర్డుకి 34.6 మిల్లీమీటర్ల రంధ్రం.

లెన్స్ పైకి లేచే ఏర్పాటు తప్పకుండా పెట్టు, పాతిక మిల్లీమీటర్లు చాలు. ఉండవల్లి గుహల ముందు నిలబడి కెమెరా పైకెత్తితే స్తంభాలన్నీ లోపలికి వాలిపోతాయి. కెమెరా మట్టంగా ఉంచి లెన్స్ ఒక్కటి పైకి జరిపితే నాలుగంతస్తులూ నిటారుగా వస్తాయి. మొదటి రోజు అక్కడికే వెళ్దాం.

ఆదివారం హోల్డర్ తీసుకుని రా. గుణదల ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చినప్పుడు ఆ వీధి తలుపు నేను విప్పి తెచ్చుకున్నాను, అటక మీద ఉంది. రెండు పలకలు నీకు సరిపోతాయి. చిత్రిక పట్టేముందు అయస్కాంతం పెట్టి అంతా తడిమి చూడాలి, కడియాలు తీసిన చోట లోపల మేకులు విరిగి ఉన్నాయి.

మీ మావయ్య